వలందా కోటు మడతలు

పరబ్రహ్మం గారి ఎడమ భుజం కుడి భుజం కన్నా అర అంగుళం కిందికి ఉంటుంది. ఈ సంగతి బందరు మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు రాబర్ట్‌సన్‌పేటలో ఆయనకి చొక్కాలు కుట్టే టైలరు, రెండోవారు ఆయనే.

ఆ భుజం అలా కావడానికి కారణమైన మనిషికి మాత్రం తెలియదు. ఆవిడ ఆయన భార్య హైమవతి, కాలేజీలో చరిత్ర చెబుతుంది. ముప్పై రెండేళ్ళుగా రోజూ పొద్దున గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పు బకిలీ పెట్టుకుంటుంది. పడిపోకుండా ఆయన భుజం మీద చెయ్యి వేసి బరువంతా దాని మీద మోపుతుంది. ఆయన వంక చూడదు. చూపు బకిలీ మీద, బుద్ధి ఐరోపా మీద. అర నిమిషంలో పని అయిపోతుంది, "వస్తానండీ" అని చెయ్యి తీసేసి వెళ్ళిపోతుంది. సాయంత్రం మళ్ళీ ఇదే, ఈసారి విప్పడానికి.

పరబ్రహ్మం గారు పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ అర నిమిషం కోసం ఇంట్లోంచి పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరేవారు. అదంటే తనకెంత ఇష్టమో భార్యకి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో చెప్పడానికి సిగ్గేసింది. ఆ తరవాత ఇప్పుడు కొత్తగా చెప్పడానికేముందిలే అనిపించింది. అలాగే ముప్పై రెండేళ్ళు గడిచిపోయాయి.

హైమవతి చెప్పేది మామూలు చరిత్ర కాదు, నాలుగు వందల ఏళ్ళ కిందటి పడమటి దేశాల చరిత్ర. ఓడలు, మతం పేరిట యుద్ధాలు, రాజుల తలలు తెగడాలు, దుర్భిణిలో చంద్రుణ్ణి చూసి కంగారుపడ్డ పండితులు. అవన్నీ ఆవిడ నోట వింటుంటే పక్కవీధి తగాదాలు విన్నట్టుండేది. ఆవిడ ఉండేది వలందపాలెంలో. ఒకప్పుడు డచ్చివాళ్ళు, మనవాళ్ళ నోట వలందావాళ్ళు, బందరు రేవులో గుడ్డలు కొని ఓడలకెక్కిస్తూ కాపురం పెట్టిన పేట అది. "ఐరోపా ఎక్కడో లేదర్రా, మా ఇంటి వెనకాలే దిగింది" అని పాఠం మొదలుపెట్టేది. ఊళ్ళో అందరికీ ఆవిడ వలందా మేడమ్.

అన్నీ ఉన్నా ఆవిడకి ఒక ముల్లు ఉండిపోయింది. డాక్టరేటు కోసం ఆరు అధ్యాయాల గ్రంథం రాసింది. అందులో ఐదోదంటే ఆవిడకి ప్రాణం. సముద్రపు ఒడ్డున చిన్న చిన్న వలందా ఊళ్ళలో మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఓడల మీద ఉండిపోతే, బందరు నుంచి చేరిన అద్దకపు గుడ్డకి ధర కట్టిందీ, బేరాలు నడిపిందీ ఇళ్ళలోని ఆడవాళ్ళేనని రాసింది. పరీక్షించిన పెద్దలు "ఊహ బాగుందమ్మా, ఆధారమేదీ?" అన్నారు. ఆ ఆడవాళ్ళెవరూ ఒక్క కాగితం ముక్క రాసి పెట్టలేదు. ఐదో అధ్యాయం తీసేస్తేనే పట్టా ఇచ్చారు. ఆరోది జరిగి ఐదో చోట కూర్చుంది. తీసేసిన నలభై పేజీలు మంచం కింద రేకుపెట్టెలో పడుకున్నాయి.

ఆ రేకుపెట్టెని కదిలించింది నస్రీన్.

నస్రీన్‌ది పెడన. తండ్రికి కలంకారీ షెడ్డుండేది. తను చదివింది ఫిజిక్సు, కానీ లెక్చరర్ రాని రోజుల్లో వచ్చి హైమవతి క్లాసు కిటికీ దగ్గర నిలబడేది. పెద్ద చదువులు చదివి, పెద్ద ఊళ్ళో పనిచేసి, పెడన తిరిగొచ్చి తండ్రి షెడ్డులోనే అచ్చుల బల్లలు ఒక మూలకి జరిపి ఒక యంత్రం తయారుచేసింది. ఆ ఫిబ్రవరిలో ఓ ఆదివారం ఆలుమగలిద్దర్నీ చూడ్డానికి పిలిచింది.

"బాబాయ్ గారూ, ఆ పాత చొక్కా ఇటివ్వండి" అంది. పైన వేసుకోవడానికి ఆయన చేతిలో ఒక కొత్త చొక్కా పెట్టింది. విప్పిన చొక్కాని ఒక గాజుపలక కింద పరిచి మీట నొక్కింది. తెరమీద దారాలు తాళ్ళంత లావుగా కనిపించాయి.

"గుడ్డ మడత పడితే ఇస్త్రీ చేశాం కదా, పోయిందనుకుంటాం. పోదు. దారం లోపల విరుపు ఉండిపోతుంది. ఏ వైపు నుంచి ఎంత బలం పడితే ఆ విరుపొచ్చిందో లెక్కగట్టి వెనక్కి వెళ్తే, ఆ బలం వేసిన చెయ్యి ఎలా కదిలిందో తెలుస్తుంది. చూడండి, బాబాయ్ గారు కూర్చునే ముందు చొక్కా వెనక్కి లాక్కుంటారు. కళ్ళజోడు ఈ జేబులో కాదు, ఆ జేబులో పెట్టుకుంటారు." అంతలో కనుబొమలు ముడేసింది. "ఇదేంటి? ఎడం భుజం మీద రోజుకి రెండుసార్లు గట్టి బరువు పడింది. ఒకే చోట, వందలసార్లు. సంచీ ఏదన్నా మోస్తారా?"

పరబ్రహ్మం గారి చెవులు ఎర్రబడ్డాయి. "ఆ... సంచీయే" అన్నారు.

"మీరు సంచీ ఎప్పుడు మోశారండీ? బజారుకి నన్నే కదా పంపేది!" అంది హైమవతి.

ఆ మాట అక్కడితో ఆగిపోయింది, ఎందుకంటే నస్రీన్ అసలు కబురు చెప్పింది. వలందా దేశంలో ఒక చిన్న ఓడల ఊరి మ్యూజియంలో, మూడు వందల ఏళ్ళనాటి ఆడవాళ్ళ పొడుగు కోటు ఒకటి ఉంది. బందరు అద్దకపు గుడ్డతో కుట్టింది. వాళ్ళు కోటు పంపరు, కానీ నస్రీన్ పంపిన పరికరంతో ఆరు నెలలు కూర్చుని దారం దారం చదివి లెక్కలన్నీ పంపారు. ఇక్కడినుంచి రంగులతో వెళ్ళిన గుడ్డ, మడతలతో వెనక్కి వచ్చిందన్నమాట. "తెరమీద చూస్తే బొమ్మలాట, మేడమ్. ఒంటిమీద వేసుకుంటేనే తెలుస్తుంది" అంటూ నస్రీన్ గోడకి వేలాడుతున్న ఒక బూడిదరంగు తొడుగు చూపించింది. లోపలంతా సన్నటి గాలి గొట్టాలు. కోటు వేసుకున్న మనిషి చేతులు ఎలా కదిలాయో, ఈ తొడుగు వేసుకున్నవాళ్ళ చేతుల్ని అలా కదిలిస్తుంది. ఆ కోటు కొలతలు పొట్టి మనిషివి. పొట్టి కాబట్టి నస్రీన్ మేడమ్‌ని పిలిచిందో, మేడమ్ కాబట్టి పిలిచిందో తెలియదు. హైమవతి అప్పటికే చీర కొంగు బొడ్లో దోపుకుని సిద్ధంగా ఉంది.

మొదటిసారి పావుగంట. తొడుగులోంచి బయటికొచ్చాక హైమవతి ఏడుస్తూ నవ్వుతోంది. "పడవలోకి ఎక్కిందండీ! రెండు చేతులా గుడ్డ పైకెత్తి, ఇంత ఎత్తు చెక్క దాటింది. ముప్పై ఏళ్ళు పడవల గురించి చెప్పాను, ఎక్కడం ఇవాళే తెలిసింది" అంది. ఆ కదలిక ఆవిడ ఒంట్లో ఉండిపోయింది. ఇంట్లో గడప దాటినప్పుడల్లా రెండు చేతులా కుచ్చిళ్ళు ఎత్తి, లేని పడవంచు దాటేది. పనిమనిషి రెండు రోజులు చూసి, వంటింట్లో నీళ్ళేమన్నా నిలిచాయేమోనని వంగి వెతికింది.

దానికి బదులుగా పోయిందేమిటో మూడో రోజుకి బయటపడింది. హైమవతికి ముడి వేసుకోవడం రావడం లేదు. చెయ్యి వెనక్కి వెళ్తుంది, జుట్టు దొరుకుతుంది, ఆ తరవాత ఏం చెయ్యాలో వేళ్ళకి తెలియదు. అద్దం ముందు గంట కూర్చుని, చివరికి జడ వేసుకుని కాలేజీకి వెళ్ళింది. పిల్లలు మేడమ్ చిన్నదైపోయిందన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు చలి వచ్చింది. రెండు చేతుల్నీ ఎదురెదురు కోటు చేతుల్లోకి దోపుకుని భుజాలు బిగించే కదలిక అది. బందరు ఎండల్లో, తారు కరుగుతున్న మే నెలలో, హైమవతి వరండాలో చేతులు ముడుచుకుని చలికి వణుకుతున్న మనిషిలా కూర్చునేది. ఎదురింటావిడ జ్వరమనుకుని మిరియాల కషాయం పంపింది. ఈసారి పోయింది కాఫీ తిరగబోయడం. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య బారెడు తీగ సాగదీసే ఆవిడ, బల్లంతా కాఫీ చేసింది. పరబ్రహ్మం గారు బల్ల తుడిచి, తనే తిరగబోశారు. నురగ రాలేదు.

నస్రీన్ ముఖం పాలిపోయింది. "ఒకటొస్తే ఒకటి పోతోంది మేడమ్. తొడుగు వేసే కదలిక ఒంట్లో చోటడుగుతోంది. బాగా అలవాటైపోయి, ఆలోచించకుండా చేసేదాన్నే తోసేస్తోంది. ఏది పోతుందో ముందు చెప్పలేను. పోయింది మళ్ళీ వస్తుందో రాదో కూడా తెలియదు. ఇక్కడితో ఆపేద్దాం" అంది.

హైమవతి వినిపించుకోలేదు. తెరమీద ఒక చోట వేలు పెట్టి చూపిస్తోంది. కోటు కుడి చెంగు లోపలి వైపు, నడుం దగ్గర, గుప్పెడంత మేర మడతలు కుప్పపడి ఉన్నాయి. కోటు మొత్తం మీద అంత అరిగిన చోటు ఇంకోటి లేదు.

"ఇదేమిటి?"

"మ్యూజియం వాళ్ళు అక్కడ చీటీ పెట్టారు. ప్రార్థించే చేతులట. చర్చిలో చలికి చెంగు కింద చేతులు జోడించేవారని."

"జోడిస్తే రెండు చేతులూ ఒక మనిషివే అవుతాయి కదా?"

నస్రీన్ లెక్కలు మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది. "కాదు. ఒక చెయ్యి ఈవిడది. రెండోది ప్రతిసారీ వేరే ఎవరిదో."

కారులో తిరిగి వస్తున్నంతసేపూ హైమవతి తన కుడి చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర ఆయన భుజం మీద చెయ్యి వేసి చెప్పు విప్పుకుంటూ, "మీరేమంటారండీ? మూడోసారి తొడుగులోకి ఎక్కనా?" అంది.

ఆ చెయ్యి బరువు భుజం మీద ఉండగానే ఆయనకి నస్రీన్ మాట గుర్తొచ్చింది. ఆవిడ ఆలోచించకుండా చేసే పనులు ఇంకేం మిగిలాయో లోపల్లోపల వెతుక్కున్నారు. చీర కుచ్చిళ్ళు పోతే పోనీ, సంతకం పోతే వేలిముద్ర వేయించుకోవచ్చు, ముగ్గు పోతే తనే పెడతారు, వంకరగా అయినా సరే. ఇదొక్కటీ పోకుండా ఉంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ తలుపు తెరిచి ఉన్న పడకగదిలోంచి మంచం కింద రేకుపెట్టె మూల కనిపించింది. ఆవిడ నలభై పేజీలు ముప్పై ఏళ్ళుగా చీకట్లో ఉన్నాయి. తనది అర నిమిషం.

"వెళ్ళు హైమా, వెళ్ళకపోతే నీకు నిద్ర పట్టదు, నీ గోలతో నాకూ పట్టదు" అన్నారు.

మూడోసారి చాలా కొద్దిసేపట్లో అయిపోయింది. తొడుగు కుడి చెంగు కింద హైమవతి చెయ్యి దాక్కునే ఉంది, ఏం చేస్తోందో ఎవరికీ కనబడలేదు. బయటికొచ్చిన ఆవిడ ముఖంలో ఏ వెలుగూ లేదు. "ఏదో పట్టుకుంటోంది, నొక్కుతోంది, ఆగుతోంది. మళ్ళీ పట్టుకుంటోంది. ఆగడమే ఎక్కువ. ఎవరో బదులు చెప్పేదాకా ఆగినట్టు. అర్థం కాలేదు నస్రీన్" అంది.

"పోన్లెండి మేడమ్" అంది నస్రీన్, ఆవిడ చెయ్యి పట్టుకుని.

పరబ్రహ్మం గారు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డారు. అలవాటుగా ఎడమ భుజం కొంచెం వంచారు. హైమవతి వచ్చింది, చెప్పులవంక చూసింది, ఆయన పక్కనుంచి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. కూర్చుని, రెండు చేతులా బకిలీలు పెట్టుకుని, లేచి, "పదండి" అంది.

ఆయన వంచిన భుజాన్ని తిన్నగా చేసుకున్నారు. ఆ తరవాత "పద" అన్నారు. కారు తాళంచెవి ఏ జేబులో ఉందో చాలాసేపు దొరకలేదు.

మర్నాడు పొద్దున స్నానం చేసి, తువాలు ఒళ్ళో వేసుకుని, పరబ్రహ్మం గారు వరండా బల్ల మీద కూర్చున్నారు. పక్కన హైమవతి పేపరు చదువుతోంది. చదువుతూ చదువుతూ, ఆవిడ కుడి చెయ్యి దానంతటదే కదిలి తువాలు కిందికి దూరింది. ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. మూడు వేళ్ళు కలిపి పట్టింది. ఆగింది.

పరబ్రహ్మం గారు ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పశువుల సంతలో టీకాలు వెయ్యడానికి నిలబడేవారు. బుర్రా సోమయ్య అనే ముసలి బేరగాడు, పని లేనప్పుడల్లా ఆయన్ని పిలిచి, చేతుల మీద తువాలు కప్పి, వేళ్ళ భాష నేర్పేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ నోరు విప్పరు, చుట్టూ ఉన్న జనానికి ధర తెలియకూడదు. పట్టుకున్న వేలికి ఒకటి, గుప్పెడు పడితే ఐదు, వేలి కణుపు నొక్కితే సగం. అరచేతిలో గోకితే కుదరదని అర్థం. "చూడబ్బాయ్, పైన ఎన్నయినా వాగు. తువాలు కింద మాత్రం అబద్ధమాడకు. ఆడావా, ఈ సంతలో నీకు మళ్ళీ చెయ్యిచ్చేవాడుండడు" అనేవాడు సోమయ్య.

ఆయన వేలు తనకి తెలియకుండానే హైమవతి అరచేతిలో గోకింది.

పేపరు చదువుతూనే ఆవిడ ఈసారి నాలుగు వేళ్ళు పట్టింది. ఆయన మళ్ళీ గోకారు. గుప్పెడు పట్టి, చిటికెన వేలి కణుపు నొక్కింది.

"ఐదున్నర! సరే, తోలుకుపో!" అన్నారు పరబ్రహ్మం గారు గట్టిగా.

పేపరు కింద పడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, చేతులు తువాలు కిందే ఉన్నాయి.

"ఏం తోలుకుపోవాలండీ?" అంది హైమవతి నెమ్మదిగా.

"ఎద్దుని... హైమా, నువ్వు నాతో బేరమాడుతున్నావు. అచ్చంగా సంతలో ఆడినట్టు. ఎవరు నేర్పారు నీకు?"

హైమవతి కళ్ళు ఇంతింతయ్యాయి. "ఆ కోటావిడ నేర్పింది" అంది. లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. "ప్రార్థన కాదు! బేరం! మొగుళ్ళు మన రేవులో చూసి నేర్చుకెళ్ళారు. పెళ్ళాలకి నేర్పారు. చర్చి వాకిట్లో పదిమందీ చూస్తుండగా, కోటు చెంగు కింద, నోరు మెదపకుండా... ఏవండీ, నా ఐదో అధ్యాయం ఆ చెంగు కింద ఉందండీ!"

రేకుపెట్టె బయటికొచ్చింది. మూత తుప్పుపట్టి రాకపోతే పరబ్రహ్మం గారు పచ్చడిబండతో కొట్టారు. పసుపురంగుకి తిరిగిన నలభై పేజీలు వరండా అంతా పరుచుకున్నాయి. ఫోనులో నస్రీన్ ఒకటే కేకలు. గంటలో పెడన నుంచి స్కూటరు మీద వచ్చేసి, పరబ్రహ్మం గారి చేత వేళ్ళ భాషంతా చెప్పించుకుని, ఒక్కొక్క మడతకీ సరిచూసింది. మూడు, ఆగడం. నాలుగు, ఆగడం. ఐదున్నర. అన్నీ సరిపోయాయి. ముగ్గురూ ఆ మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయి, బందరు లడ్లు నాలుగేసి తినేశారు.

మ్యూజియంలో ఆ కోట్లు చూసుకునే పెద్దావిడ పేరు అన్నెకె. కంప్యూటరు తెరమీద అంతా విని, మర్యాదగా నవ్వి, "ఒక్క కోటుతో ఏం చెప్పగలం? మా దగ్గర అదే ఊరివి ఇంకో నాలుగున్నాయి, మగవాళ్ళవీ మూడున్నాయి. ఆ చెంగుల వరకూ చదివి చూస్తాం" అంది. పన్నెండు రోజులు హైమవతి చెప్పుల్ని తారుమారుగా వేసుకుందో తిన్నగా వేసుకుందో కూడా ఎరగదు. మెట్టు మీద కూర్చుని వేసుకుని వెళ్ళిపోయేది. పరబ్రహ్మం గారు రోజూ గుమ్మం దగ్గర నిలబడేవారు. ఎందుకు నిలబడుతున్నారో ఆయనకే తెలియదు.

పదమూడో రోజున అన్నెకె తెరమీద కనిపించేసరికే నవ్వుతోంది. నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆడవాళ్ళ కోట్లు అయిదింటిలోనూ అదే చోట, అదే వేళ్ళ మడతలు. మగవాళ్ళ కోట్లలో ఒక్కదాంట్లోనూ లేవు. "అయిదింటికీ ప్రార్థించే చేతులని చీటీలున్నాయి. మా ఊరి ఆడవాళ్ళెంత భక్తిపరులో అని మా తాతల నాటినుంచీ చెప్పుకుంటున్నాం. మీ అధ్యాయం పంపండి, చీటీలు మార్చాలి" అంది.

కాలేజీ వాళ్ళు సభ పెట్టారు. హైమవతి ఐదో అధ్యాయం చదవాలి. ఆరోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని, పేజీలు చేతి సంచీలో సర్దుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. గడప దగ్గర అలవాటుగా కుచ్చిళ్ళెత్తి లేని పడవంచు దాటింది. మెట్టు మీద కూర్చోబోయి ఆగింది.

పరబ్రహ్మం గారు వీధివైపు చూస్తున్నారు. కానీ ఆయన ఎడమ భుజం వంగి ఉంది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

హైమవతి ఆ భుజాన్ని కాసేపు చూసింది. చరిత్ర చెప్పేవాళ్ళకి ఒక గుణం ఉంటుంది, ఆధారం ఎదురుగా కనబడితే వదలరు. గబగబా లోపలికెళ్ళి తువాలు తెచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని, పైన తువాలు కప్పింది.

"సభకి టైమవుతోంది, ఇదేం బేరం?" అన్నారాయన.

"తువాలు కింద అబద్ధమాడకూడదు కదా?"

"కూడదు."

"మూడోసారి నాకేం పోయింది? అడిగినప్పుడల్లా ఏం పోలేదన్నారు."

 ఆయన వేలితో ఆవిడ అరచేతిలో గోకారు, కుదరదని.

హైమవతి వదల్లేదు. "సరే, ఇంకోటడుగుతాను. ఫిబ్రవరిలో నస్రీన్ మీ చొక్కా చూసి అడిగింది. రోజుకి రెండుసార్లు మోస్తానన్నారే, ఏ సంచీ అది?"

వీధిలో సైకిలు బెల్లు మోగింది. ఎవరో పూలమ్ముకుంటూ వెళ్ళిపోయారు.  ముప్పై రెండేళ్ళుగా దాచుకున్న మాట, తువాలు కింద ఇక దాచడానికి వీల్లేకపోయింది.

"సంచీ కాదు హైమా. నీ చెయ్యి" అన్నారు. "చెప్పులు వేసుకునేటప్పుడు ఇక్కడ వేసేదానివి. రోజూ. నీకు గుర్తుండదు, నువ్వెప్పుడూ చూడలేదు. నాకు... నాకదంటే ఇష్టం."

హైమవతికి కళ్ళ నీళ్ళొచ్చాయి. "ఈ మాట మూడోసారి ఎక్కకముందు చెప్పకూడదూ? మానేసేదాన్ని కదండీ."

"మానేస్తావనే చెప్పలేదు."

ఆవిడ ముక్కు చీదుకుని, తువాలుతోనే కళ్ళు తుడుచుకుంది. "ఆ చొక్కా నస్రీన్ దగ్గరే ఉంది. నా చెయ్యి ఎలా పడేదో అందులో ఉంటుంది. తొడుగులో ఎక్కించుకుని తెచ్చుకుంటాను."

"వద్దు తల్లీ! అదొస్తే ఇంకోటి పోతుంది. చొక్కా ఎందుకు, చొక్కా లోపల మనిషిని నేనున్నాగా. నాకు తెలియదూ అదెలా ఉండేదో?" ఆయన తిన్నగా నిలబడి భుజం వంచారు. "రా. ఒంటికాలి మీద నిలబడు. ఊఁ, వెయ్యి."

హైమవతి చెయ్యి వేసింది.

"ఇలా కాదు, దూడని నిమిరినట్టుంది. కాస్త మెడవైపు. అదిగో అక్కడ. వేళ్ళు వెనక్కి, బొటనవేలు ముందుకి."

"ఇలాగా?"

"ఇప్పుడు బరువు. మొత్తం వెయ్యి. మొహమాటపడకు, ముప్పై రెండేళ్ళు పడలేదు."

ఆవిడ నవ్వుతో ఊగిపోయి చెప్పు జారవిడిచింది. మళ్ళీ మొదటికొచ్చింది. మూడుసార్లు, నాలుగుసార్లు. ఓసారి మరీ తేలిక, ఓసారి ఆయన్ని గోడకి నెట్టేసింది. సభవాళ్ళు పంపిన కారు వచ్చి వీధిలో హారను కొట్టింది. "వస్తున్నామయ్యా!" అని కేకేసి, హైమవతి కంగారుగా వంగి బకిలీ అందుకుంది. చినిగిన తోలులోకి బకిలీ ఎక్కలేదు. విసుక్కుంటూ, బకిలీ వంకే చూస్తూ, తూలింది. చెయ్యి గాల్లోకి లేచి ఆయన భుజం మీద పడింది.

పరబ్రహ్మం గారు ఈసారి ఏ సలహా ఇవ్వలేదు.

బకిలీ ఎక్కింది. రెండో కాలు మారింది, చెయ్యి కదల్లేదు. హైమవతి తలెత్తింది. ముప్పై రెండేళ్ళలో మొదటిసారిగా, చెయ్యి అక్కడ ఉండగానే ఆయన ముఖంలోకి చూసింది.

"ఇదేనా?" అంది.

ఆయన తల ఊపారు.

ఆవిడ రెండో చేత్తో తువాలు తీసి, ఆయన చెయ్యి మీద కప్పి, కింద రెండు వేళ్ళు పట్టుకుంది. రోజుకి రెండుసార్లు. ఆయన అరచేతిలో గోకారు. ఆవిడ మూడు వేళ్ళు పట్టింది. ఆయన మళ్ళీ గోకారు. హారను రెండోసారి మోగింది. హైమవతి గుప్పెడు పట్టి, పైన చిటికెన వేలి కణుపు కూడా నొక్కింది.

"ఐదున్నరసార్లు ఎలా వేస్తావు? ఆ సగం ఏమిటి?" అన్నారాయన.

"కాలేజీ లేనప్పుడు, చెప్పుల్లేకుండా" అంది హైమవతి.

పరబ్రహ్మం గారు ఆవిడ చేతిని గట్టిగా నొక్కి బేరం ఖాయం చేశారు. తువాలు అలాగే భుజాన వేసుకుని కారెక్కారు.